పదకొండు బారల లోతు

ఐదు చేపలు మిగిలాయి. మూడు ఆడవి, రెండు మగవి.

మా తీరంలో కచ్చిడి చేప ఇంకా ఉందంటే అది ఆ ఐదే. పదేళ్ళుగా ఏ వలలోనూ ఇంకొకటి పడలేదు. ఆ ఐదూ మా ఊరి చివర మత్స్య పరిశోధన కేంద్రంలో, వెనక షెడ్డులో, ఇనప మూత ఉన్న తొట్టిలో ఉండేవి. ఒక్కోటి ఆరేళ్ళ పిల్లంత పొడుగు. వాటికి మేత వేసేది నేను. పొద్దున్న కవ్వ చేపలు, సాయంత్రం రొయ్యలు.

ఆ తొట్టి మామూలుది కాదు. మూత బిగించి పంపు నడిపితే లోపలి నీళ్ళ మీద సముద్రం బరువు పడుతుంది. ముల్లు నలభై మీద పెడితే చేప తను నలభై అడుగుల లోతులో ఉన్నాననుకుంటుంది. యాభై మీద పెడితే యాభై. నలభై నుంచి యాభై దాకా అన్నీ పెట్టి చూశాం. మూడేళ్ళుగా వానాకాలం రాగానే ఆడచేపల పొట్టలు నిండేవి. వానాకాలం పోయేసరికి గుడ్లు పెట్టకుండానే తగ్గిపోయేవి.

ఆ ఏడు శ్రావణంలో పైనుంచి కాగితం వచ్చింది. నెలాఖరులోగా గుడ్లు పెట్టకపోతే చేపల్ని నగరంలో అద్దాల ప్రదర్శనశాలకి పంపించెయ్యాలని. అక్కడికి పోయిన చేప జనాన్ని చూస్తూ ముసలిదవుతుంది. అంతే.

డాక్టర్ షరీఫా ఆ కాగితం నాకు చదివి వినిపించింది. ఆవిడ మా కేంద్రంలో శాస్త్రవేత్త. బందరు మనిషి. పదిహేనేళ్ళ కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఇరవై ఆరు రోజులున్నాయి తాతగారూ," అంది.

"ఊఁ," అన్నాను.

"ఊఁ అంటే?"

"ఉన్నాయి కదా."

ఆవిడ నవ్వింది. కాగితం మడిచి తొట్టి మూత మీద పెట్టి, దాని మీద పానా పెట్టింది, గాలికి ఎగిరిపోకుండా.

*

ఆవిడ దగ్గర ఒక యంత్రం ఉంది. ఆరేళ్ళు కూర్చుని తనే చేసింది. పొర యంత్రం అనేవాళ్ళం.

చేప తలలో రెండు రాళ్ళుంటాయి, ఒక్కో చెవికి ఒకటి. తెల్లగా, చింతగింజలా ఉంటాయి. రాయి మీద రోజుకో పొర పడుతుంది. ఇది పాత సంగతే. పొరలు లెక్కపెట్టి చేప వయసు చెప్పేవారు. షరీఫా కనిపెట్టింది ఇంకొకటి. రాయి ఉండేది చెవిలో కాబట్టి ఆ రోజు చేప విన్నదంతా ఆ రోజు పొరలో ఒత్తుకుపోయి ఉంటుందని.

మొదటిసారి యంత్రం నడిపిన రోజు నేను తెచ్చిన గొరస చేప రాయి ఒకటి అందులో పెట్టింది. నీలం వెలుగు రాయి మీద పడింది. పైపొర పొగలా లేచింది. స్పీకర్లో చిటపటలు వినబడ్డాయి. రొయ్యలు గోళ్ళు కొట్టుకునే చప్పుడు. తరవాత దూరంగా బోటు ఇంజను. దగ్గరకొచ్చింది. తాడు రాపిడి. నీళ్ళు తొణికిన చప్పుడు. ఆపైన ఒట్టి గాలి.

"ఇది ఆఖరి రోజు. ఇంజను ఎవరిది?" అంది షరీఫా.

"సూరాడ కొండయ్యది. సైలెన్సరు ఊడిపోయింది," అన్నాను.

ఆవిడ నా వంక చూసింది. చూసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే. నేను టీ తెచ్చాను.

యంత్రం ఆగాక చూస్తే రాయి లేదు. పళ్ళెంలో చిటికెడు సున్నం ఉంది. ఒక్కో పొర వినాలంటే ఆ పొర కాలిపోవాలి. విన్నదాన్ని కంప్యూటరులో దాచుకోవచ్చు గానీ రాయి తిరిగిరాదు.

కచ్చిడి గుంపు కట్టి గుడ్లు పెట్టేటప్పుడు మగచేపలు పాడతాయి. పొట్టలో తిత్తిని కండరంతో కొడతాయి. ఖాళీ డ్రమ్ము మీద పిడికిలితో కొట్టినట్టు ఉంటుంది. నా చిన్నప్పుడు మాకు అది తెలుసు. తెడ్డు నీళ్ళలో పెట్టి పిడికి చెవి ఆనిస్తే వినబడేది. మా తొట్టిలో మగచేపలు రెండూ చిన్నప్పుడే వలలో పడ్డాయి. ఆ పాట ఎన్నడూ వినలేదు. వాటికి వినిపిస్తే అందుకుంటాయని షరీఫా ఆశ. ఆ పాట ఏ రాయిలోనో ఉండాలి.

రాళ్ళకి కొదవ లేదు. మా కేంద్రంలో రాళ్ళ గది ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఏరి పెట్టిన పదకొండు వేల రాళ్ళు. పొద్దున్నే బోట్లు రాగానే ఒడ్డుకి వెళ్ళి తలలు చీల్చి రాళ్ళు తీసి, సీసాల్లో వేసి, ఏ రోజు, ఒడ్డున కనబడే ఏ గుర్తుల మధ్య, ఎన్ని బారల లోతున పడిందో చీటీ అంటించి సొరుగుల్లో పెట్టేవాణ్ణి. ఎక్కడెక్కడి నుంచో చదువుకునే పిల్లలు వచ్చి ఆ సొరుగులు తీసి పరీక్షలు చేసుకునేవారు. దేశంలో ఇంత పెద్ద గది ఇంకోటి లేదని షరీఫా అందరికీ చెప్పేది.

అందులో కచ్చిడి రాళ్ళు రెండువందల నలభై. తొమ్మిది రోజుల్లో అన్నీ కాల్చింది. ఇంజన్లు వినబడ్డాయి. వానలు వినబడ్డాయి. తిమింగలం ఒకటి వినబడింది. పాట లేదు.

*

పదో రోజు మధ్యాహ్నం రాళ్ళ గది గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను పిలిచింది.

"తాతగారూ, ఈ సొరుగుల్లో కచ్చిడి రాయి ఏదీ నా బొటనవేలి గోరుకన్నా పెద్దది లేదు. అన్నీ కుర్ర చేపలవే. గుంపులోకి వెళ్ళే వయసు రాకముందువి. పెద్ద చేపలు ఇక్కడ పడేవి కావా?"

"పడేవి."

"మరి వాటి రాళ్ళు?"

నేను నేల చూశాను. ఆవిడ ఊరుకోలేదు.

"మసేను తాతా. వాటి రాళ్ళేవి?"

"పిల్లల మొలతాళ్ళకి కట్టాం," అన్నాను.

మా ఊళ్ళో బిడ్డ పుడితే బాగా పెరిగిన కచ్చిడి చేప రాళ్ళు రెండూ తెచ్చి బెజ్జం పెట్టి మొలతాడుకి ఈ పక్కొకటి ఆ పక్కొకటి కడతారు. జ్వరాలు రావంటారు. సముద్రం ఆ పిల్లని గుర్తుపడుతుందంటారు. నా చేతిలోకి పెద్ద చేప తల వచ్చినప్పుడల్లా రాళ్ళు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. ఏ ఇంట్లో పురుడుంటే ఆ ఇంటికి ఇచ్చేవాణ్ణి. ఆ చేప పడినన్నాళ్ళూ అంతే. తప్పనిపించలేదు. ఆఫీసు రాయి ఆఫీసుది, పిల్ల రాయి పిల్లది.

ఇదంతా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

షరీఫా గోడకి ఆనుకుంది.

"ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఈ సొరుగులు చూసే రాశాను," అంది. "పెద్ద కచ్చిడి ఈ తీరానికి రాదు, ఇక్కడ గుడ్లు పెట్టదు అని. నాకు డాక్టరు పట్టా వచ్చింది ఆ మాటకే. పైవాళ్ళు కాగితంలో రాసింది కూడా నా మాటే. ఇక్కడ పుట్టని చేపకి ఇక్కడ తొట్టి దేనికీ అని."



ఆవిడ లేచింది. చీర దులుపుకుంది. మొహం కడుక్కుని వచ్చింది.

"ఎంతమంది పిల్లలకి కట్టారు?"

"ఊరందరికీ."

"పదండి ఊళ్ళోకి."

*

ఊళ్ళో పెద్ద గోల అయింది.

షరీఫా రామకోవెల అరుగు మీద కూర్చుని సంగతి చెప్పింది. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. బడే ఎర్రమ్మ అని, చేపల గంప మోసే మనిషి, నడుం మీద చేతులేసుకుని నా మీదికి వచ్చింది.

"ముప్పై ఏళ్ళు నువ్వే కట్టించి, ఇప్పుడు నువ్వే మొలతాళ్ళు తెంపడానికి ఒచ్చినావా మసేనయ్యా?"

"అడుగుతున్నాను," అన్నాను.

"అడుగుతున్నాడంట! నోట్లోంచి మాట ఒచ్చింది, సూడండర్రా!"

అందరూ నవ్వారు. ఎర్రమ్మే మొదట తన మనవడి మొలతాడు విప్పింది. తరవాత మిగతావాళ్ళు. ఒకామె పెళ్ళయిన కొడుకుని చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. వాడు సిగ్గుపడి పంచె అంచు వదల్లేదు. "తియ్యరా, సేపలకి పెళ్ళంట, నీకు అయిపోనాది కదా!" అంది వెనకనుంచి ఇంకొకామె. సాయంత్రానికి అరుగు మీద అరవై మూడు రాళ్ళు చేరాయి. పెద్దవి. బాదం కాయలంతేసి.

ఒక్కటీ పనికిరాలేదు. బెజ్జం రాయి నడిమధ్య నుంచి పెట్టేవారు. ఆ బెజ్జం లోంచి ఏళ్ళ తరబడి స్నానాల నీళ్ళు, సబ్బు, చెమట పోయాయి. షరీఫా పది రాళ్ళు కాల్చి చూసింది. ఇసక మీద చీపురు లాగినట్టు చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మిగతావి కాల్చకుండా మూటకట్టి, ఎవరి రాయి వాళ్ళకి తిరిగిచ్చెయ్యమంది.

"బెజ్జం లేనిది ఒక్కటి చాలు," అంది.

బెజ్జం లేనిది ఒక్కటి ఉందని నాకు తెలుసు. చెప్పలేదు.

అది మా ఇంట్లో ఉంది. నా భార్య కాసులు దగ్గర. మాకు ఒక్కతే కూతురు. బంగారి. మూడేళ్ళు బతికింది. దాని పుట్టుక రోజున నేను తెప్ప మీద పోయి పట్టిన చేప అది. నేను చూసిన కచ్చిడిల్లో అంత పెద్దది లేదు. కాసులు వల అల్లడంలో నేర్పరి. రాయికి బెజ్జం పెడితే పగులుతుందని సన్నదారంతో వేలెడంత వలసంచులు రెండు అల్లి వాటిలో రాళ్ళు వేసి కట్టింది. బంగారి పోయినప్పుడు ఒకటి దాంతోనే పంపించాం. రెండోది కాసులు ఉంచుకుంది. నలభై ఒక్క ఏళ్ళుగా.

ఆ పూట అన్నం పెడుతూ కాసులే అంది.

"బెజ్జం నేని రాయి కావాలంట కదా."

"ఊఁ."

"మరి సెప్పలేదే?"

నేను కంచంలోకి చూశాను.

"కాల్చేస్తే మిగలదా?"

"మిగలదు."

"ఏటవుద్ది?"

"సున్నం."

పులుసు వడ్డించింది. ఇంకో గరిటె వేసింది. నేను వద్దనలేదు.

"తినేసి పద," అంది.

*

కాసులు ఆ కేంద్రం లోపలికి రావడం అదే మొదలు. చెప్పులు గేటు దగ్గరే విడిచింది. షరీఫా కుర్చీ వేస్తే కూర్చోలేదు. కొంగు ముడి విప్పి వలసంచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"డాక్టరమ్మా, దీన్లో ఏటుంటాది? నా గుంట మాట ఉంటాదా?"

షరీఫా ఉంటుందంటే ఆ రాయి ఆ క్షణంలో చేతికి వచ్చేది. అలా అనలేదు.

"ఉండదమ్మా. చేప బతికున్నంతవరకే రాయి వింటుంది. మీ పాప దాన్ని కట్టుకునేసరికి అది వినడం మానేసింది."

కాసులు తల ఊపింది. సంచీని మునివేళ్ళతో విప్పింది. రాయి కొత్తదిలా ఉంది.

"అయితే ఆ సేప ఏటి ఇన్నదో అదే ఇందాం," అని ఇచ్చేసింది.

నీలం వెలుగు పడింది. పైపొర లేచింది.

మొదట ఏమీ లేదు. తరవాత నేల కిందనుంచి వచ్చినట్టు మొదలైంది. ఒకటి. రెండు. పది. ఆపైన లెక్క లేదు. వందల డ్రమ్ములు. ఒకటి ఆపేలోగా ఇంకొకటి. బల్ల మీద గాజుసీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. షరీఫా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మోతలోంచి మనిషి గొంతు వచ్చింది. కుర్ర గొంతు. పాట కట్టి లెక్క పెడుతోంది.

"ఎనిమిదోయ్... లాగు... తొమ్మిదోయ్... లాగు... పదోయ్... గంగమ్మా లాగూ... పదకొండోయ్... నేల! నేలా!"

తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళలో వదిలి, అడుగు తగలగానే పైకి లాగుతూ బారలు లెక్కపెట్టి, గుండు పైకి రాగానే ఇన్ని బారలకి నేల అని అరిచేవాళ్ళం. చేతులు రెండూ చాపితే ఒక బార. గుండు నేల తాకిందో లేదో అని ఒకటికి రెండుసార్లు వేసేవాళ్ళం. తెప్ప దుంగలు సగం నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి పైమాట కిందికి దిగుతుంది.

"ఎవరిది?" అంది షరీఫా.

"ఈయనదే," అంది కాసులు.

షరీఫా నా వంక తిరిగింది. పదిహేనేళ్ళలో నేను ఆవిడతో ఆడిన మాటలన్నీ కలిపినా ఆ పాటంత ఉండవు.

"మీరు పాడేవారా?"

"ఈ గొంతు ఇనే మనువుకి ఒప్పుకున్నానమ్మా," అంది కాసులు. "తరవాత మోసపోనాను."

అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. యంత్రం నడుస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళ చేప బతుకు వెనక్కి వెనక్కి పోయింది. ప్రతి వానాకాలం అదే మోత. చీకటి పడేదాకా కదలకుండా విన్నాం. ఆఖరి పొర కాలాక పళ్ళెంలో సున్నం మిగిలింది. కాసులు దాని వంక చూడలేదు. ఖాళీ వలసంచిని వేలికి చుట్టుకుంది.

*

పదకొండు బారలు. అంతకుముందు షరీఫా నన్ను అడిగితే ఏడెనిమిది ఉండొచ్చని నేనే చెప్పాను. మూడేళ్ళు అదే లోతు చుట్టూ తిరిగాం. నా జ్ఞాపకం తప్పు. రాయిది తప్పు కాదు.

షరీఫా పుస్తకం తీసింది. బార అంటే ఆరడుగులు. పదకొండు ఆర్లు అరవై ఆరు. చేపలకి నొప్పి తగలకుండా రెండు రోజులు పెట్టి మెల్లగా ముల్లు అరవై ఆరుకి తెచ్చింది. సాయంత్రం కాగానే తొట్టిలో పాట వేసింది.

మగచేపలు రెండూ తిరగడం ఆపాయి. కాసేపటికి ఒకటి గుర్రుమంది. రెండోది బదులిచ్చింది. షరీఫా నా భుజం పట్టుకుని ఊపేసింది.

అంతే. మర్నాడు అంతకన్నా తక్కువ. మూడో రోజుకి రెండూ మూల చేరాయి. ఆడచేపలు అడుగున పడుకుని లేవలేదు. నెలాఖరుకి నాలుగు రోజులు ఉన్నాయి.

కాసులు రోజూ వస్తోంది. వచ్చి, ఆ పాట ఒక్కసారి వెయ్యమ్మా అని అడిగి, విని వెళ్ళిపోయేది. ఆ రోజు విన్నాక వెళ్ళలేదు.

"పాడతన్నావు సరే. లాగతన్నది ఎవులు?" అంది నాతో.

"నేనే."

"నువ్వు కాదు. నీకు పాడితే సెయ్యాడదు, సెయ్యాడితే నోరాడదు. నాకు తెల్దా? తాడు లాగినోడు మా తమ్ముడు."

నేను ఆలోచించాను. నిజమే. ఆ రోజు తెప్ప మీద నాతో ఉన్నది పోలయ్య.

షరీఫా అప్పుడే లేచి నిలబడింది. "పోలయ్యగారు ఎంత పొడుగు?"

కాసులు తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

పోలయ్యని ఇంటి దగ్గర్నుంచి స్కూటరు మీద తెచ్చారు. భోజనం మధ్యలోంచి లేపారట. చెయ్యి కడుక్కోకుండా వచ్చాడు.

"ఏటి బావా, ఇన్నాళ్ళకి ఆపీసులోకి పిలిసినావు? ఉద్దోగమా?"

"చేతులు చాపు," అన్నాను.

"ఏటి?"

"గోడకి ఆనుకుని చేతులు చాపండి పోలయ్యగారూ," అంది షరీఫా. టేపు పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తింది.

"పెల్లికి కూడా ఎవులూ ఇలగ కొలవనేదమ్మా."

"ఊపిరి బిగించకండి. మామూలుగా చాపండి."

"బిగిస్తే పెరగనా?"

నాలుగడుగుల పది అంగుళాలు.

షరీఫా కాగితం మీద లెక్క వేసింది. పదకొండు సార్లు. యాభై మూడు అడుగులు, రెండంగుళాలు. అరవై ఆరు కాదు. పదమూడు అడుగుల తేడా.

"పుస్తకంలో బార అంటే ఆరడుగులని ఉంది," అంది నెమ్మదిగా.

"ఆ పుస్తకం రాసినోడు పొడుగోడై ఉంటాడు," అన్నాడు పోలయ్య.

*

నెలాఖరుకి ఒక రోజు ముందే వ్యాను వచ్చేసింది. నీళ్ళ ట్యాంకు ఉన్న పెద్ద వ్యాను. డైరెక్టరుగారు తనే దగ్గరుండి పంపిద్దామని నగరం నుంచి వచ్చారు. డ్రైవరు టీకి వెళ్ళాడు.

"ఇవాళ సాయంత్రం దాకా ఆగండి సార్," అంది షరీఫా. ముల్లు ఆ పొద్దున్నే యాభై మూడుకి వచ్చింది.

"మూడేళ్ళు ఆగామమ్మా."

"ఇంకో మూడు గంటలు."

ఆయన చెడ్డమనిషి కాదు. గడియారం చూసుకుని స్టూలు మీద కూర్చున్నారు. పోలయ్య పిలవకపోయినా వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. కాసులు నేల మీద కూర్చుంది.

ఐదున్నరకి బయట మబ్బు పట్టింది. షరీఫా పాట వేసింది. తొట్టి గోడకున్న అద్దపు కిటికీలోంచి నేను చూస్తున్నాను. మగచేపలు మూలలోంచి బయటికి వచ్చాయి. ఆడవి అడుగునుంచి లేచాయి.

ఒక మగది కొట్టింది. గుర్రుమనడం కాదు. కొట్టింది. ఇనప తొట్టి మోగింది. రెండోది అందుకుంది. షరీఫా చెయ్యి చాపి స్పీకరు ఆపేసింది. ఆపినా మోత ఆగలేదు. ఇంకా పెరిగింది. మూత మీద పానా గెంతడం మొదలుపెట్టి జారి కింద పడింది. షెడ్డు రేకులు అదిరాయి. డైరెక్టరుగారు స్టూలు మీంచి లేచి తొట్టికి అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేసి, మళ్ళీ ఆనించారు.

"ఏమిటిది?"

"పెల్లండి," అన్నాడు పోలయ్య.

పెద్ద ఆడది ఒక్కసారి పక్కకి తిరిగింది. మగవి రెండూ దాని పొట్టని రాసుకుంటూ పైకి పోయాయి. నీళ్ళు తెల్లబడ్డాయి. పాలు కలిసినట్టు. కిటికీలోంచి ఇక చేపలు కనబడలేదు. తెల్లటి నీళ్ళలో సన్నటి పూసలు పైకి లేస్తున్నాయి. ఆవగింజలకన్నా చిన్నవి. వేలు. కిటికీ నిండిపోయింది.

"పెట్టాయి," అన్నాను.

నా మాట మోతలో ఎవరికీ వినబడలేదు. అందుకని అరిచాను.

"పెట్టాయర్రా! గుడ్లు పెట్టాయి!"

షరీఫా నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కాసులు భుజాలు పట్టుకుని గుండ్రంగా తిరిగింది. కాసులు, పడిపోతానమ్మా అంటూనే తనూ తిరిగింది. మిగతా రెండు ఆడచేపలు మర్నాడు పెట్టాయి. వడకట్టి లెక్క చూస్తే నాలుగు లక్షల పైన.

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. డ్రైవరు మూడు టీలు తాగాడు.

*

షరీఫా కొత్త వ్యాసం రాసింది. పదిహేనేళ్ళ కిందట తను రాసింది తప్పని మొదటి పేరాలోనే పెట్టింది. ఎందుకు తప్పో కూడా దాచకుండా రాసింది, మొలతాళ్ళతో సహా. కొందరు వెక్కిరించారట. డాక్టరు పట్టా వెనక్కి ఇచ్చెయ్యమన్నారట. ఆవిడ ఆ ఉత్తరాలు కూడా రాళ్ళ గదిలోనే పెట్టింది, ఒక సొరుగులో. నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. ఇకమీదట పెద్ద చేప పడితే ఒక రాయి పిల్లకి, ఒక రాయి సొరుగుకి అని ఊళ్ళో ఒప్పందం అయింది. చేపకి రెండు చెవులుండటం మంచిదైంది.

మాఘమాసం నాటికి చేపపిల్లలు అరచెయ్యంత అయ్యాయి. నలభై వేలు బతికాయి. ఊరంతా బిందెలతో వచ్చింది. తొట్ల నుంచి నీళ్ళ అంచు దాకా వరసలో నిలబడి చేతి నుంచి చేతికి బిందెలు అందించుకున్నారు. మొదటి బిందె కాసులు చేత పోయించింది షరీఫా. అల వచ్చింది. పిల్లలు వెండిరేకుల్లా మెరిసి లోపలికి పోయాయి.

కాసులు ఖాళీ బిందె చంకన పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఇంతమందికీ పేర్లు ఎవులు ఎడతారు?" అంది.

"అన్నిటికీ నా పేరెట్టెయ్యప్పా," అన్నాడు పోలయ్య. "నా బారకే కదా పుట్టినాయి."

"నీ పేరెడితే పెరగవురా."

ఎర్రమ్మ నవ్వి నవ్వి బిందె వదిలేసింది. అలలో కొట్టుకుపోతుంటే కుర్రాళ్ళు పట్టుకొచ్చారు.

ఐదో ఏట శ్రావణంలో పదకొండు బోట్లు కట్టుకుని వెళ్ళాం. పాత గుర్తుల మధ్య గుండు వేసి పోలయ్య చేత లాగించాం. వాడికి డెబ్బై దాటాయి. అయినా ఇంకెవర్నీ లాగనివ్వలేదు. లోతు సరిపోయిన చోట ఇంజన్లు ఆపాం. మా దగ్గర ఆడవాళ్ళు సముద్రం మీదికి రారు. ఆ రోజు కాసులు వచ్చింది. ఎవరూ వద్దనలేదు. షరీఫా ఎన్నో పరికరాలు తెచ్చింది. ఒక్కటీ బయటికి తియ్యలేదు.

పొద్దు వాలింది. గాలి పడిపోయింది. నా కాళ్ళ కింద చెక్క చిన్నగా వణికింది.

ముందు నా భ్రమేమో అనుకున్నాను. పక్క బోటులో కొండయ్య కొడుకు తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు. అవతలి బోటులో వాళ్ళూ చూసుకుంటున్నారు. మోత లేచింది. తొట్టిలో విన్నది రెండు చేపలది. ఇది సముద్రమంతా. అందరం చెక్కల మీద బోర్లా పడుకుని చెవులు ఆనించాం. కాసులు నా పక్కనే పడుకుంది. కళ్ళు మూసుకుంది. పోలయ్య ఏదో అనబోతే వేలు పెదవి మీద పెట్టింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.

లేచాక కొండయ్య కొడుకు ఇంజను తాడు మీద చెయ్యి వేశాడు. అందరూ వాడి వంక చూశారు. వాడు చెయ్యి తీసేశాడు. బోటు అడుగునుంచి తెడ్డు లాగాడు.

ఆ రోజు పదకొండు బోట్లలో ఎవరూ ఇంజను వెయ్యలేదు. ఒడ్డుదాకా తెడ్లతోనే వచ్చాం.